పిచర్ చేతికి ఒక వయసు, డబ్బుకి ఇంకో వయసు

ఒక తండ్రి పంపిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వాళ్లు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. బాబుకి 13 ఏళ్లు, బేస్‌బాల్ సెలెక్ట్ టీమ్‌లో (ఎంపిక చేసిన పిల్లలతో ఆడే జట్టు) పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. "ఇది ప్రొఫెషనల్ చెయ్యి" అని కోచ్ అన్నాడట. ఇంట్లో పెద్దవాళ్లెవరికీ బేస్‌బాల్ తెలియదు. ప్రొఫెషనల్ పిచర్ జీవితం ఎలా ఉంటుంది, ఎంత వస్తుంది, ఎన్నాళ్లు ఆడతారు, ఈ చలికాలం డబ్బు పోసి వెలాసిటీ ప్రోగ్రామ్‌లో (బంతి వేగం పెంచే శిక్షణ) చేర్చాలా అని ఆ తండ్రి అడిగారు.

నేను ఈ చుట్టుపక్కలే ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తాను. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం బంతి విసిరి విసిరి పాడైన భుజాలు, మోచేతులే. స్కూలు పిల్లలు వస్తారు, సీజన్ అయిపోయాక ఇళ్లకి వచ్చే మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) పిచర్లూ వస్తారు. టేబుల్ మీద గంటసేపు పడుకున్న మనిషి ఊరికే ఉండడు కదా, కాంట్రాక్టుల సంగతులు కూడా అలాగే చెవిన పడ్డాయి. అందుకే నా జవాబు చెయ్యి దగ్గర మొదలై డబ్బు దగ్గరికి వెళ్తుంది. అసలు విషయం ముందే చెప్పేస్తాను: పిచర్ చెయ్యి బాగా పలికే వయసు ఒకటి, అతనికి నిజమైన డబ్బు చేతికందే వయసు ఇంకొకటి. రెంటికీ మధ్య చాలా ఏళ్ల దూరం ఉంది. ఆ దూరం దాటేలోపు చెయ్యి నిలిచిందా లేదా అన్నదే ఈ కెరీర్.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లం కాబట్టి ఆ తేడా ముందు చెప్పుకోవాలి. ఫాస్ట్ బౌలర్ పరుగెత్తుకుంటూ వస్తాడు, ఆ ఊపు బంతికి అందుతుంది. పిచర్‌కి పరుగు లేదు. 10 అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ (మౌండ్) మీద నిలబడి, ఒక్క అడుగు ముందుకు వేసి, 60 అడుగుల 6 అంగుళాల దూరానికి విసరాలి. ఆ దూరం 1893 నుంచి మారలేదు. 95 మైళ్ల వేగంతో వేస్తే బంతి సుమారు 0.4 సెకన్లలో బ్యాటర్ ముందుంటుంది. మోచెయ్యి వంచి విసరడం ఇక్కడ తప్పు కాదు, పద్ధతే అది. కాళ్లలో పుట్టిన బలం నడుముకి, అక్కడి నుంచి భుజానికి ఎక్కి, భుజం సెకనుకి దాదాపు 7 వేల డిగ్రీల వేగంతో తిరుగుతుంది. చెయ్యి వెనక్కి పూర్తిగా వంగి ముందుకి మళ్లే ఆ క్షణంలో, మోచేతి లోపలివైపు ఎముకల్ని కలిపి పట్టుకునే ఒక చిన్న లిగమెంట్ మీద అది భరించగలిగిన దాదాపు మొత్తం భారం పడుతుంది. చుట్టూ ఉన్న కండరాలు కొంత మోస్తాయి కాబట్టి అది తెగకుండా నిలబడుతుంది. కండరాలు అలిసిపోయాక కూడా విసురుతూ ఉంటే ఆ మోత లిగమెంట్ ఒక్కదానిదే. నేను చూసే మోచేతుల కథల్లో చాలావాటి సారాంశం ఈ రెండు వాక్యాలే.

1974లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కి ఆ లిగమెంట్ తెగింది. అప్పటిదాకా అది తెగితే ఇంటికెళ్లిపోవడమే. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ సెప్టెంబర్‌లో జాన్ కుడి ముంజేతి నుంచి ఒక టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) తీసి, విసిరే ఎడమ మోచేతిలో లిగమెంట్‌కి బదులుగా అమర్చాడు. వందలో ఒక్క వంతు ఆశ ఉందని చెప్పి చేశాడు. 1975 మొత్తం జాన్ ఆడలేదు. తర్వాత 1989 దాకా, 46 ఏళ్లు వచ్చేవరకూ ఆడాడు. జీవితంలో గెలిచిన 288 మ్యాచ్‌లలో 164 ఆపరేషన్ తర్వాతవే. ఆ ఆపరేషన్‌కి అతని పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు మేజర్ లీగ్ పిచర్లలో మూడో వంతు దాకా ఆ మచ్చ ఉన్నవాళ్లే.

దీని గురించి తల్లిదండ్రుల్లో ఒక పిచ్చి నమ్మకం ఉంది: ఆపరేషన్ చేయిస్తే చెయ్యి ఇంకా వేగంగా తయారవుతుందని. నన్ను మొహం మీదే అడిగినవాళ్లున్నారు. లేదు. వేగం పెరిగితే అది ఏడాది, ఏడాదిన్నర పాటు ఒళ్లు వంచి చేసిన వ్యాయామం వల్ల, అంతకుముందు నొప్పితో విసిరిన చెయ్యి ఇప్పుడు నొప్పి లేకుండా విసరడం వల్ల. తిరిగి మైదానంలోకి వచ్చేవాళ్లే ఎక్కువన్నది నిజం. పాత స్థాయికి చేరేవాళ్లు అంతకంటే తక్కువ. రెండోసారి తెగితే ఆ అవకాశం ఇంకా తగ్గుతుంది.

ఇక దారి సంగతి. "ప్రొఫెషనల్" అనగానే మనకి టీవీలో కనిపించే మేజర్ లీగ్ గుర్తొస్తుంది. ప్రొఫెషనల్ అవడం వేరు, అక్కడికి చేరడం వేరు. ఏటా జులైలో డ్రాఫ్ట్ జరుగుతుంది, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకుంటాయి. 2021 నుంచి 20 రౌండ్లు, 30 జట్లు. అంటే ఆరు వందల మంది పైచిలుకు, వాళ్లలో సగానికి అటూఇటూగా పిచర్లే. హైస్కూల్ అవగానే తీసుకోవచ్చు. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మాత్రం మూడో సంవత్సరం పూర్తయ్యేదాకానో 21 ఏళ్లు నిండేదాకానో ఆగాలి. జూనియర్ కాలేజీ పిల్లలకి ఆ నిబంధన లేదు.

డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాడికి ఇచ్చేది సైనింగ్ బోనస్. 2023లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అందరికంటే ముందు తీసుకున్న పాల్ స్కీన్స్‌కి 92 లక్షల డాలర్లు వచ్చాయి. అందరూ ఆ అంకె చూస్తారు. పదో రౌండ్ దాటాక చాలామందికి లక్షన్నర డాలర్ల లోపే. కాలేజీ నాలుగో ఏడు ముగిసిన కుర్రాళ్లు కొన్ని వేలకే సంతకం పెట్టేస్తారు, ఎందుకంటే "ఇంత ఇవ్వకపోతే కాలేజీకి వెళ్లిపోతా" అని బేరమాడే దారి వాళ్లకి మిగలదు. పన్ను, ఏజెంట్ వాటా పోగా మిగిలే ఆ బోనసే, చాలామంది పిచర్ల మొత్తం జీవితంలో బేస్‌బాల్ ఇచ్చిన అతి పెద్ద చెక్కు.

తర్వాత మైనర్ లీగ్స్. అడుగున రూకీ కాంప్లెక్స్, ఆపైన లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. మీ ఊరి రఫ్‌రైడర్స్ జట్టు టెక్సస్ రేంజర్స్‌కి డబుల్-ఏ. మీరు ఒక సాయంత్రం బాబుని తీసుకుని వెళ్లండి. అక్కడ బుల్‌పెన్‌లు ప్రేక్షకుల కుర్చీల మధ్యలోనే ఉంటాయి, రెండు గజాల దూరంలో పిచర్లు వార్మప్ చేస్తుంటారు. ఆ కుర్రాళ్లలో ఒక్కొక్కడూ వాళ్ల జిల్లాలో, వాళ్ల కాలేజీలో అందరికంటే బాగా వేసినవాడే. 95 మైళ్లు అక్కడ విశేషం కాదు. వాళ్లలో కొందరు ఏడాదో రెండేళ్లో మేజర్ లీగ్‌లో ఉంటారు, మిగతావాళ్లు 26 ఏళ్లకి ఉద్యోగం వెతుక్కుంటారు. ఎవరు ఎటు వెళ్తారో ఆ రోజు చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

జీతాల మాట. 2022 దాకా ట్రిపుల్-ఏ కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లు, అడుగు స్థాయిలో ఐదు వేలు కూడా ఉండేది కాదు. మైనర్ లీగ్ ఆటగాళ్లు 2022లో యూనియన్‌లో చేరారు. 2023 ఒప్పందంతో ట్రిపుల్-ఏ కనీసం 35,800కి, డబుల్-ఏ 30,250కి, కాంప్లెక్స్ స్థాయి 19,800కి పెరిగాయి. వసతి కూడా ఇప్పుడు జట్లే చూస్తున్నాయి. బాగుపడిందనే చెప్పాలి. అయినా మన ఫ్రిస్కో అద్దెలు మీకు తెలుసు. చలికాలంలో నా దగ్గరికి వచ్చేవాళ్లు పొద్దున గోదాములో పని, మధ్యాహ్నం జిమ్, సాయంత్రం మీ అబ్బాయి లాంటి పిల్లలకి గంటకింతని పాఠాలు చెబుతూ నెట్టుకొస్తారు. సీజన్‌లో వారానికి ఆరు రోజులు ఆట, సోమవారం సెలవు, ఆ సెలవు రోజున బస్సు. మార్చి నెలాఖరులో స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు శిక్షణ) ముగిసేటప్పుడు లాకర్ దగ్గరికి ఒక మనిషి వచ్చి "ఆఫీసులో పిలుస్తున్నారు" అంటాడు. ఆ పిలుపు అంటే జట్టు నుంచి తీసేశారని, వీళ్లకి గుండె జారిపోతుంది. పది నిమిషాల్లో సంచి సర్దుకుని బయటికి రావాలి.

పైకి వెళ్లినవాడికి లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం 7 లక్షల 60 వేల డాలర్లు. రోజుల వారీగా పంచితే రోజుకి సుమారు నాలుగు వేలు. ట్రిపుల్-ఏలో ఏడాదంతా సంపాదించే కనీస జీతం అక్కడ తొమ్మిది రోజుల్లో వస్తుంది. 43 రోజులు అక్కడ ఉంటే పెన్షన్‌కి అర్హత వస్తుంది. నాకు తెలిసిన ఒక రిలీవర్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్) ఆ రోజుల్ని ఫోన్‌లో నోట్ చేసుకునేవాడు. ఎన్ని స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తీశావని ఎవరైనా అడిగితే అతనికి తడుముకోవాల్సి వచ్చేది, సర్వీస్ రోజులు మాత్రం ఠక్కున చెప్పేవాడు.

కానీ అక్కడ ఉండనివ్వాలిగా. మైదానంలోకి దిగే జాబితాలో 26 మంది, అందులో పిచర్లు 13 మందికి మించకూడదు. దాని వెనక 40 మంది జాబితా ఇంకొకటి. ఆ 40లో ఉన్న కుర్రాణ్ని మామూలుగా మూడు సీజన్ల పాటు ఎప్పుడు కావాలంటే అప్పుడు కిందికి పంపే హక్కు జట్టుకి ఉంటుంది, వాటిని ఆప్షన్లు అంటారు. నిన్న రాత్రి రెండు ఇన్నింగ్స్ (మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది) బాగా వేసి జట్టుని గెలిపించిన రిలీవర్‌ని పొద్దున్నే ట్రిపుల్-ఏకి పంపేస్తారు. తప్పు చేసినందుకు కాదు, అతని చెయ్యి అలిసింది కాబట్టి, ఇవాళ్టికి తాజా చెయ్యి కావాలి కాబట్టి. ఇది మరీ ఎక్కువైందని 2022 నుంచి ఒక సీజన్‌లో ఐదుసార్లకి మించి పంపకూడదని నిబంధన పెట్టారు. ఐదుసార్లు కూడా తక్కువేమీ కాదు, అద్దె ఇల్లు తీసుకోవాలో హోటల్లో ఉండాలో భార్యకి తెలియని జీవితం అది.

ఇప్పుడు నేను మొదట చెప్పిన దూరం దగ్గరికి వద్దాం. మేజర్ లీగ్‌లో 172 రోజులుంటే ఒక సర్వీస్ సంవత్సరం. మొదటి మూడు సంవత్సరాలు ఎంత గొప్పగా వేసినా జట్టు ఇచ్చినంతే, సాధారణంగా కనీస జీతానికి కాస్త అటూఇటూ. మూడు నుంచి ఆరు దాకా ఆర్బిట్రేషన్, అంటే ఇద్దరూ చెరో అంకె చెబితే మధ్యవర్తి ఒకటి ఖాయం చేస్తాడు. ఆరు పూర్తయ్యాకే ఫ్రీ ఏజెంట్, ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. కాలేజీ నుంచి 21కి వచ్చి, 24కో 25కో మేజర్ లీగ్ చేరినవాడు ఫ్రీ ఏజెంట్ అయ్యేసరికి 30 దాటుతుంది. పిచర్ వేగం ఇరవైల మొదట్లోనో మధ్యలోనో శిఖరం మీద ఉంటుంది. మంచి చెయ్యి చౌకలో జట్టుకి దక్కుతుంది, అరిగిన చెయ్యి ఖరీదులో బజారుకి వస్తుంది. ఇందులో కుట్రేమీ లేదు, ఒప్పందాల్లో రాసుకున్నదే. అయితే బ్యాటర్ కంటే పిచర్‌కే ఇది ఎక్కువ తగులుతుంది.

జేకబ్ డిగ్రోమ్‌ని చూడండి. కాలేజీలో షార్ట్‌స్టాప్ (ఒక ఫీల్డర్ స్థానం) ఆడేవాడు, చివర్లో పిచర్‌గా మార్చారు. 2010లో తొమ్మిదో రౌండ్‌లో న్యూయార్క్ మెట్స్ తీసుకుంది. ఆ ఏడాదే మోచేతి ఆపరేషన్. మేజర్ లీగ్ మొదటి మ్యాచ్ 2014లో, అప్పటికి 25 ఏళ్లు. 2018లో అతని ఈఆర్ఏ 1.70, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. గెలుపు ఓటములు మాత్రం 10-9. సొంత బ్యాటర్లు పరుగులు చేయకపోతే పిచర్ ఏం చేస్తాడు? అయినా ఆ ఏడాది ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే ఇచ్చారు. మీ అబ్బాయి "గెలిచిన మ్యాచ్‌లు" లెక్కపెట్టడం మానేయడానికి ఇది చాలు. పెద్ద ఒప్పందం దక్కేసరికి 30 ఏళ్లు. 2022 డిసెంబర్‌లో మన రేంజర్స్ ఐదేళ్లకి 18 కోట్ల 50 లక్షల డాలర్లు రాసిచ్చింది. 2023లో ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాక (మొదటి పిచర్‌గా దిగాక) రెండోసారి లిగమెంట్ పోయింది. 2024 సెప్టెంబర్‌కి గానీ తిరిగి రాలేదు. 2025లో మళ్లీ 30 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 37 ఏళ్ల వయసులో. ఇది కథ సుఖాంతమైన మనిషి సంగతి అని గుర్తుంచుకోండి.

సుఖాంతం కానిది స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్. 2009లో దేశం మొత్తంలో మొదటి ఎంపిక, కోటిన్నర డాలర్ల పైన ఒప్పందం. 2010 జూన్‌లో మొదటి మ్యాచ్‌లోనే 14 స్ట్రైకౌట్లు. అదే ఏడాది ఆపరేషన్. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచినప్పుడు ఉత్తమ ఆటగాడు. ఆ వెంటనే ఏడేళ్లకి 24 కోట్ల 50 లక్షల డాలర్లు. ఆ ఒప్పందం కింద అతను వేసింది మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు. మెడకీ భుజానికీ మధ్య నరాలు నొక్కుకుపోయే జబ్బు చెయ్యిని తినేసింది. 2024లో రిటైరయ్యాడు. డబ్బు వచ్చిందిగా అంటారేమో. వచ్చింది. అతని స్థాయికి చేరిన కొద్దిమందికే వస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా అడిగే పేరు కుమార్ రాకర్. తల్లి లలిత భారతీయ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత కోచ్. కుమార్ ప్రయాణం చూస్తే పిచర్ కెరీర్‌లో జరగగలిగినవన్నీ ఆరేళ్లలో జరిగిపోయాయి. 2018లో హైస్కూల్ నుంచి 38వ రౌండ్‌లో ఎంపికైతే వద్దనుకుని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్లాడు. 2019 జూన్‌లో డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు తీశాడు. అప్పుడతను మొదటి సంవత్సరం కుర్రాడు. ఆ నెలలోనే వాండర్‌బిల్ట్ కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, అందులో అత్యుత్తమ ఆటగాడూ అతనే. 2021లో మెట్స్ పదో ఎంపికగా తీసుకుని 60 లక్షల డాలర్లకి మాట్లాడుకుంది. తర్వాత వైద్య పరీక్షల్లో ఏదో నచ్చక, సంతకం పెట్టించకుండా వదిలేసింది.

ఆ స్థితిలో ఒక్కసారి ఆ ఇంట్లోవాళ్లని ఊహించుకోండి. 21 ఏళ్ల కుర్రాడి చెయ్యి బాగాలేదని దేశమంతా వార్తలు. అతను భుజానికి ఆపరేషన్ చేయించుకున్నాడు. 2022లో ఏ మేజర్ లీగ్ జట్టుతోనూ సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్‌లో, ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే జట్టుకి ఆడి, స్కౌట్ల (జట్ల కోసం ఆటగాళ్లని వెతికేవాళ్లు) ముందు మళ్లీ నిలబడ్డాడు. ఆ జులైలో రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకుని 52 లక్షలు ఇచ్చింది. 2023 మేలో మోచేతి లిగమెంట్ ఆపరేషన్. 2024లో కాంప్లెక్స్ లీగ్ నుంచి మీ ఫ్రిస్కో, అక్కడి నుంచి రేంజర్స్ ట్రిపుల్-ఏ జట్టు రౌండ్ రాక్ మీదుగా వచ్చి, సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ మొదటి మ్యాచ్ వేశాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. నాకు అన్నిటికంటే నచ్చేది ఆ ఫ్రాంటియర్ లీగ్ నిర్ణయం. పేరు పోతుందేమోనని ఇంట్లో కూర్చోలేదు, చిన్న మైదానాల్లో విసిరి చూపించాడు.

ఇండియాలో పుట్టినవాళ్ల సంగతి కూడా ఒక మాట. 2008లో ఇండియాలో పెట్టిన ఒక పిచింగ్ పోటీ నుంచి ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ వచ్చారు. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు, అంతకుముందు బేస్‌బాల్ ముట్టుకోలేదు. పైరేట్స్ సంతకం పెట్టించింది. దినేశ్‌ని 2010లో వదిలేశారు. రింకూ సింగిల్-ఏ దాకా వెళ్లాడు, మోచేతి ఆపరేషన్ అయింది, చివరికి రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. బలమైన చెయ్యి ఒక్కటే ఉంటే ఎక్కడిదాకా తీసుకెళ్తుందో దానికి వాళ్లే కొలత. అక్కడిదాకా వెళ్లడం కూడా చిన్న విషయం కాదు.

ఎన్నాళ్లు అన్నారు. స్టార్టర్ అయితే ఐదు రోజులకోసారి మ్యాచ్ మొదలుపెడతాడు, ఆ మధ్య రోజుల్లో కాళ్ల వ్యాయామం, తేలికపాటి విసుర్లు, ఒక రోజు బుల్‌పెన్‌లో సాధన. రిలీవర్‌కి తన పని ఎప్పుడు పడుతుందో తెలియదు, రోజూ సిద్ధంగా ఉండాలి. స్టార్టర్‌గా నిలవలేనివాణ్ని రిలీవర్‌గా మారుస్తారు. అది అవమానమేమీ కాదు. 1990లో పనామా నుంచి చాలా తక్కువ బోనస్‌తో న్యూయార్క్ యాంకీస్‌లో చేరిన మరియానో రివేరా స్టార్టర్‌గా మొదలుపెట్టి క్లోజర్‌గా, అంటే చివరి ఇన్నింగ్స్ వేసి మ్యాచ్ ముగించే రిలీవర్‌గా మారాడు. ఎక్కువగా కట్టర్ (చివర్లో కాస్త పక్కకి తిరిగే ఫాస్ట్‌బాల్) అనే ఒకే బంతితో 652 సేవ్‌లు (స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడటం) చేసి, 2019లో ఏకగ్రీవంగా హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. జేమీ మోయర్ 80 మైళ్లకి అటూఇటూగా వేస్తూ 2012లో 49 ఏళ్ల వయసులో మ్యాచ్ గెలిచాడు. టెక్సస్‌లో అందరూ చెప్పుకునే నోలన్ రయాన్ 27 సీజన్లు ఆడి 5,714 స్ట్రైకౌట్లు తీశాడు. 46 ఏళ్లప్పుడు, 1993 సెప్టెంబర్‌లో, మోచేతి లిగమెంట్ తెగాకే ఆపాడు. ఇలాంటివాళ్లని చూపించి "చూశావా, అలవాటైతే ఏమీ కాదు" అనే కోచ్‌లుంటారు. రయాన్ శరీరం రయాన్‌దే. వందల మంది పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టే ఆ ఒక్క పేరు తెలుసు.

చెయ్యి బాగున్నా బుర్ర మొరాయించే జబ్బు కూడా ఒకటుంది. డేనియల్ బార్డ్ బోస్టన్ రెడ్ సాక్స్‌లో 100 మైళ్ల దాకా వేసిన రిలీవర్. ఉన్నట్టుండి బంతిని అనుకున్న చోట పడేయలేకపోయాడు. ఏళ్ల తరబడి ప్రయత్నించి 2017లో ఆట మానేశాడు, ఇంకో జట్టులో కుర్రాళ్లకి మానసికంగా తోడుండే ఉద్యోగం చేశాడు. ఆ కుర్రాళ్లతో సరదాగా విసురుతుంటే చెయ్యి మళ్లీ మాట వింది. 2020లో కొలరాడో రాకీస్‌కి ఆడి, తిరిగొచ్చిన ఆటగాళ్లకిచ్చే అవార్డు తీసుకున్నాడు. అలా తిరిగొచ్చేవాళ్లు అరుదు. టెన్షన్ అనేది చిన్న విషయమని ఇంట్లో ఎవరూ కొట్టిపారేయకూడదని చెబుతున్నా.

ఇక మీ బాబు. 13 ఏళ్ల పిల్లాడి మోచేతిలో లిగమెంట్ కంటే బలహీనమైనది ఇంకొకటుంది: ఎముక చివర ఇంకా గట్టిపడని ఎదుగుదల భాగం. లోపలివైపు ఎముక మీద నొక్కితే నొప్పి అంటే అది "కండరం పట్టింది" కాదు, డాక్టర్‌కి చూపించాలి. ఈ వయసుకి పిచ్ స్మార్ట్ అని మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పరిమితులున్నాయి. 13, 14 ఏళ్లకి రోజుకి 95 బంతులు మించకూడదు. 66 లేదా అంతకుమించి వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి, 51 నుంచి 65 అయితే మూడు రోజులు. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ లేకుండా ఉండాలి, అందులో రెండు మూడు నెలలు వరుసగా ఏ రకంగానూ పైచేత్తో విసరకూడదు. పిచింగ్ చేసిన మ్యాచ్‌లోనే క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) కూర్చోకూడదు. శనివారం ఒక టీమ్‌కి, ఆదివారం ఇంకో టీమ్‌కి వేస్తే ఈ లెక్కలు రెండూ కలిపే చూడాలి. టీమ్‌లు కలపవు, మీరే కలపాలి.

2006లో వచ్చిన ఒక అధ్యయనం నేను ప్రతి తండ్రికీ చెబుతాను. ఆపరేషన్ దాకా వెళ్లిన టీనేజ్ పిచర్లని, గాయం లేనివాళ్లతో పోల్చారు. ఏడాదిలో ఎనిమిది నెలలకి మించి పోటీల్లో వేసేవాళ్లకి ఆపరేషన్ ముప్పు ఐదు రెట్లు. చెయ్యి అలిసినా తరచూ వేసేవాళ్లకి 36 రెట్లు. ఆ రెండో అంకె దగ్గర ఆగి ఆలోచించండి. మన ఇళ్లలో కోచింగ్ సెంటర్ అలవాటు ఒకటుంది, ఎన్ని గంటలు కూర్చుంటే అన్ని మార్కులని. ఈ ఆటలో ఆ లెక్క తిరగబడుతుంది. "అలిసిపోయాను నాన్నా" అని చెప్పే ధైర్యం పిల్లాడికి ఉండటమే ఇక్కడ టాలెంట్‌లో భాగం.

వెలాసిటీ ప్రోగ్రామ్‌కి నా జవాబు: ఈ ఏడాది వద్దు. వాటిలో చాలావరకు బరువు ఎక్కువ తక్కువలున్న బంతులతో గట్టిగా విసిరిస్తారు. 13 నుంచి 18 ఏళ్ల పిచర్లతో ఆరు వారాలు చేసి చూసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. వేగం సగటున మూడు శాతం పైన పెరిగింది. బరువు బంతులు వాడినవాళ్లలో 24 శాతం మందికి గాయాలయ్యాయి, మామూలు బంతితో సాధన చేసినవాళ్లలో ఒక్కరికీ కాలేదు. 17 ఏళ్లకి, ఎముకలు గట్టిపడ్డాక, డాక్టర్ చూశాక అప్పుడు ఆలోచించవచ్చు. 13కి వేగం దానంతటదే పెరుగుతుంది, ఎత్తు పెరుగుతున్నాడు కాబట్టి. ఆ డబ్బుతో చలికాలం బాస్కెట్‌బాలో ఈతో ఆడించండి. కాళ్లు, నడుము, పొట్ట కండరాలు గట్టిపడితే చేతి మీద పడే భారం తగ్గుతుంది. బంతుల్లో ఇప్పుడు నేర్పించాల్సింది ఫాస్ట్‌బాల్‌ని అనుకున్న చోట వేయడం, తర్వాత చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి).

కాలేజీ విషయం. బేస్‌బాల్‌లో పూర్తి స్కాలర్‌షిప్ అందరికీ వస్తుందనుకోకండి. మొన్నమొన్నటిదాకా డివిజన్-1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవాళ్లు. ఇప్పుడు ఆ పరిమితి పోయింది కానీ అన్ని కాలేజీలూ అంత ఖర్చు పెట్టవు. చదువులో మార్కులు బాగుంటే ఆ డబ్బు వేరే దారిలో వస్తుంది, మన పిల్లలకి అది ఎటూ బలమే. హైస్కూల్ నుంచే డ్రాఫ్ట్ అయ్యేంత బాగా ఆడితే, కాంట్రాక్టులో కాలేజీ ఖర్చు జట్టు భరించేలా రాయించుకోవచ్చు. ఎందరో రాయించుకుంటారు, వెనక్కి వెళ్లి డిగ్రీ పూర్తి చేసేవాళ్లు తక్కువ.

ఆ కోచ్‌ని మీరు అడగాల్సినవి మూడే. పోయిన సీజన్‌లో మా వాడు మొత్తం ఎన్ని బంతులు వేశాడు, ఎక్కడ రాసి ఉంది? గత మూడేళ్లలో మీ టీమ్ పిల్లల్లో మోచేతి నొప్పితో ఎంతమంది ఆగిపోయారు? ఏ నెలల్లో మీరు పిల్లల చేత బంతి పట్టించరు? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే కోచ్ అయితే అతని దగ్గరే ఉంచండి. "అవన్నీ నేను చూసుకుంటాను, మీరు వదిలేయండి" అంటే, పిల్లాడికి స్నేహితులు దూరమవుతారని బాధపడినా సరే, టీమ్ మార్చండి.